తవ్వుకోమని ఒక్క మాట

ఆ మనిషికి పిచ్చి లేదు. ఈ మాట అప్పుడు సూపర్వైజరుకు చెప్పాను, డాక్టరుకు చెప్పాను, చివరికి జీపు డ్రైవరుకు కూడా చెప్పాను. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే బాగా వినేదేమో. ఇన్నేళ్లకు ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివి మీరు కూడా తలకాయ ఊపి ఊరుకుంటే నేను చేయగలిగింది లేదు. చెప్పడం మాత్రం మానను.

నేను అప్పుడు జమ్మికుంట దగ్గరి ఒక పల్లెలో, మా చర్చివాళ్లు నడిపే బడిలో టీచరును. నన్ను కన్న మా అవ్వాబాపులు పత్తి, జొన్న పండించుకుని బతికేవాళ్లు. నిజాం రోజుల్లో మా చదువు ఉర్దూలో మొదలైంది కాబట్టి నాకు ఆ భాష బాగానే వచ్చు. అది ఎప్పటికైనా పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరుగారు ఒక ప్రకటన చేశారు. తూర్పు బెంగాల్ నుంచి ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చినవాళ్లకు ఆదిలాబాద్ జిల్లాలో, సిర్పూర్ అవతల, అడవి కొట్టి కాలనీ వేశారట. పాలపొడి పంచడానికి, సూదులు వేయడానికి మనుషులున్నారు. వాళ్ల పక్కన కూచుని నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు లేరట. హిందీయో ఉర్దూవో వచ్చినవాళ్లు ఎండాకాలం సెలవుల్లో వస్తే మేలని అడిగారు. నేను చేయి ఎత్తాను. అవ్వ ఇంటికొచ్చాక గొణిగింది, ఉన్న ఊళ్లో ఏడ్చేవాళ్లు లేరనా అంత దూరం పోతున్నావని. అయినా మూటలో రొట్టెలు కట్టి పెట్టింది.

జమ్మికుంటలో రైలెక్కి కాగజ్‌నగర్లో దిగి, అక్కడి నుంచి వెదురు తెచ్చే లారీలో పోయాను. కొట్టేసిన చెట్ల మొదళ్లు ఇంకా నేల మీద అలాగే ఉన్నాయి. వాటి మధ్య వరసలు వరసలుగా గుడిసెలు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, చిన్నపిల్లలు తమ గుడిసె ఏదో తెలియక పక్కింట్లోకి పోయి నిలబడేవాళ్లు.

కాలనీ సూపర్వైజరు మా కరీంనగర్ మనిషే. చెడ్డవాడని అనను. చెడ్డవాడైతే నా కోపం ఇంతకాలం ఉండేది కాదు. గుడిసెలు వేయించాలి, ఎడ్లు తెప్పించాలి, బియ్యం తూకం చూడాలి, ఆ ఎండలో పాపం సైకిలు మీద తిరిగేవాడు. కానీ మొదటి రోజే ఆయన నాతో అన్న మాట వింటే మీకు కూడా ఒళ్లు మండుతుంది. "జర ధైర్నం చెప్పుండ్రి టీచరమ్మా. పొద్దూకంగనే ఆడోళ్లు ఏడుపు మొదలువెడ్తరు. పెద్ద సాబులెవరన్న వచ్చినప్పుడు మంచిగుండది" అన్నాడు.

ఏం ధైర్యం చెప్పమంటారు? వాళ్లను ఏళ్ల తరబడి ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బస్తాల్లాగా ఎక్కిస్తూ దించుతూ ఇక్కడికి తెచ్చారు. ఒక ముసలమ్మ తన మూట విప్పేదే కాదు. విప్పితే మళ్లీ కట్టుకోవాల్సి వస్తుందని ఆమె భయం. ఇంకొక చిన్నది, చంటిబిడ్డ తల్లి, లారీ చప్పుడైతే చాలు బిడ్డను చంకనెత్తుకుని లేచి నిలబడేది. వాళ్లకు నేను ధైర్యం చెప్పాలట. వారానికోసారి ఒక డాక్టరు వచ్చేవాడు. ఎక్కువ ఏడ్చేవాళ్లకు నిద్రమాత్రలు ఇచ్చి పోయేవాడు. ఏడుపు రోగమెప్పుడైంది?

మా దగ్గర చావు జరిగిన ఇంటికి పోతే ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వరు. పోయి కూచుంటారు. ఇంటివాళ్లు ఏడిస్తే ఏడవనిస్తారు, ఊరుకుంటే తామూ ఊరుకుంటారు, చీకటి పడే ముందు లేచి వస్తారు. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. అదే చేశాను. రోజుకు కొన్ని గడపల దగ్గర కూచునేదాన్ని. ముసలమ్మ మూట పక్కన కూచున్నాను. చంటిబిడ్డ తల్లితో పాటు లారీ చప్పుడుకు లేచి నిలబడి, అది పోయాక మళ్లీ కూచున్నాను.

అలా కూచున్న గడపల్లో వరస చివరి గుడిసె ఒకటి. అందులో భార్యాభర్తలిద్దరే. వాళ్లకు ఒక్కడే కొడుకు, పెళ్లీడుకొచ్చినవాడు, ఇక్కడికి రాకముందు ఉన్న క్యాంపులో విరేచనాలు పట్టుకుని పోయాడు. అప్పటి నుంచి ఆ తండ్రి పని ముట్టలేదు. అన్నం పెడితే తింటాడు, కూచోమంటే కూచుంటాడు, లేవమంటే లేస్తాడు. తనంతట తాను ఏదీ చేయడు. భార్య ఇదంతా నాకు విరిగిన హిందీలో చెప్పింది. నన్ను దీదీ అని పిలిచేది. నేను రోజూ పోయి ఆయన పక్కన కూచునేదాన్ని. ఆయన నా వైపు చూసేవాడు కూడా కాదు. ఒక్కోసారి నాకే విసుగొచ్చి వెంటనే లేచి వచ్చేదాన్ని, మళ్లీ మనసొప్పక పోయేదాన్ని.

ఒక పొద్దున పోయేసరికి ఆయన గుడిసె వెనక ఉన్నాడు. చేతిలో పార. పక్కింటి నుంచి తనే అడిగి తెచ్చుకున్నాడట. చొక్కా విప్పి పక్కన పెట్టి గుంట తవ్వుతున్నాడు. తవ్విన మట్టి పెళ్లలను తట్టకెత్తి గుడిసె ముందర పోసి, కాళ్లతో తొక్కి, మళ్లీ పోయి తవ్వుతున్నాడు. ఒళ్లంతా చెమట. ఆ చెమట చూసి నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

ఊరంతా ఒక్కసారే దిగింది. పక్క పల్లెవాళ్లకు లంకెబిందెల మీద అనుమానం. బెంగాలోళ్లకు మంత్రాలొస్తాయని, నేలలో ఉన్న ధనం వాళ్ల కంటికి కనబడుతుందని ఎవడో పుట్టించాడు. వాళ్లు వచ్చి గుంట చుట్టూ తిరిగి కోసిన నిమ్మకాయలు, కోడి ఈకలు ఉన్నాయేమోనని వెతికారు. సూపర్వైజరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "తన బొంద తనే తవ్వుకుంటుండు టీచరమ్మా. కొడుకు పోయినకాడికెళ్లి దమాక్ ఖరాబైంది" అన్నాడు.

నేను ఆయన భార్యను అడిగాను. ఆమె నవ్వింది. నేను ఆమె నవ్వు చూడడం అదే మొదలు. వాళ్ల దేశమంతా నీళ్లట. వానలొస్తే పొలాలు కనబడవట, ఇంటి నుంచి ఇంటికి పడవలో పోతారట. అందుకని ఎవరైనా ఇల్లు కట్టుకోవాలంటే ముందు కుంట తవ్వుతారు. ఆ మట్టితో ఎత్తుగా దిబ్బ వేసి, తొక్కి గట్టి చేసి, దాని మీద ఇల్లు లేపుతారు. ఆ కుంటలోనే స్నానం, బట్టలు, చేపలు, అన్నీ. దాన్ని పుకుర్ అంటారని చెప్పింది. పుకుర్ లేనివాడు ఒకరి వాకిట్లో తలదాచుకున్నవాడే తప్ప ఇల్లున్నవాడు కాడట. క్యాంపుల్లో ఉన్నన్నాళ్లు ఆయన ఒక్కనాడూ పార పట్టుకోలేదు. ఇక్కడ పట్టాడంటే ఇక ఇక్కడే ఉందామని మనసులో అనుకున్నాడన్న మాట. ఇది చెప్తూ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నాకు అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రజాకార్ల గడబిడలో మేము కూడా ఊరు విడిచి గోదావరి దాటి చాందా వైపు పోయినవాళ్లమే. నేను అప్పుడు చిన్నపిల్లను. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏమీ మిగల్లేదు, ఎడ్లు లేవు. బాపు చాలారోజులు గడప మీద ఉలుకూ పలుకూ లేకుండా కూచున్నాడు. ఒకరోజు లేచి, కూలిన ఎడ్లకొట్టం గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఎడ్లు లేకుండా కొట్టమేందని మా చిన్నాయనలు నవ్వారు. అవ్వ వాళ్ల మీదికి లేచింది. కడుతుండు గదా, కట్టనియ్యుండ్రి, మీ సొమ్మేం పోతున్నదని కసిరింది. గోడ లేచేసరికి బాపుకు మాట కూడా వచ్చింది. ఎడ్లు రెండేళ్లకు గాని రాలేదు.

ఇదంతా సూపర్వైజరుకు విడమరిచి చెప్పాను. ఆయన విన్నాడు. విని, ఇక్కడ వరద ఎక్కడిదని అడిగాడు. తాగే నీళ్లకే బాయి దగ్గర కొట్లాటలైతుంటే కుంటేంది, దిబ్బేంది అన్నాడు. సర్కారు ఇల్లు కట్టిచ్చినంక మళ్లీ ఇల్లేంది అన్నాడు. పిల్లలు పడితే ఎవరు జవాబని అడిగాడు. అది నిజమే, ఆ మాట నేను కాదనలేదు. చుట్టూ ముళ్లకంప నేనే వేయిస్తానన్నాను. గంగిరెద్దులా తలాడించి సైకిలెక్కి పోయాడు.

తర్వాత ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. సూపర్వైజరు కూలీలను పంపి గుంట పూడ్పించాడు. దిబ్బ కూడా చదును చేయించాడు. తవ్విన ఆ తండ్రి గుడిసె గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. కూలీలు పోయాక పార తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ పూడ్చారు. మళ్లీ తవ్వాడు. ఇలా ఎన్నిసార్లయిందో నేను లెక్కపెట్టలేదు. పదేపదే తవ్వినవాణ్ని అందరూ పిచ్చివాడన్నారు. పదేపదే పూడ్చినవాణ్ని ఒక్కరూ అనలేదు. దీనికి నాకు ఈనాటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరిసారి వాళ్లు వచ్చేసరికి ఆయన గుంటలోకి దిగి కూచున్నాడు. మోకాళ్లు చేతులతో చుట్టుకుని, తల వంచుకుని కూచున్నాడు. మనిషి ఉండగా మట్టి ఎలా పోస్తారన్నది ఆయన ఆలోచన. అందులో కూడా నాకు పిచ్చేమీ కనబడలేదు. ఒక కూలివాడు బెదిరిద్దామని ఒక తట్టెడు మట్టి పోశాడు. అది ఆయన భుజాల మీద పడింది. ఆయన కదల్లేదు. ఆయన భార్య గుంట గట్టున పడి ఏడుస్తుంటే సూపర్వైజరు మొహం పాలిపోయింది. ఆయన భయం నాకు తెలుసు. ఈ మనిషి నా కాలనీలో చచ్చిపోతే నా నౌకరీ ఏమవుతుందని. వెంటనే డాక్టరును పిలిపించాడు.

ఆ డాక్టరు ఆయన్ని పైకి లాగించి, నిలబెట్టి, ఇవాళ ఏ వారమని తెలుగులో అడిగాడు. జవాబు లేదు. ఇంగ్లీషులో అడిగాడు. జవాబు లేదు. ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరని అడిగాడు. అడిగిన భాషే రాని మనిషి ఏం చెప్తాడు? ఆయన డాక్టరు బూట్ల వైపు చూస్తున్నాడు. ఆ బూట్ల కింద, తొక్కి గట్టిచేసిన దిబ్బలో మిగిలిన కాస్త మట్టి ఉంది. అది విరిగిపోతున్నది. నేను భార్యను అడగండి, లేకపోతే నన్ను అడగనివ్వండి అన్నాను. పేషెంటు తరఫున వేరేవాళ్లు చెప్పడం కుదరదన్నాడు. పట్నంలో పిచ్చాసుపత్రికి పంపాలని అక్కడే తేల్చేశాడు. డాక్టరుకు తెప్పించిన టీ చల్లారేలోపల ఒక మనిషి బతుకు తేలిపోయింది.

ఆయన్ని పంపిస్తే సర్కారు తమకు సేద్యానికిచ్చిన భూమి సంగతేమిటని భార్య నా చేత అడిగించింది. సేద్యం చేసే మగమనిషి లేకపోతే ఇంకో కుటుంబానికి ఇచ్చే పద్ధతి ఉందని, తను వీలైనంత ఆపుతానని సూపర్వైజరు అన్నాడు. అంటే ఆపలేకపోతే ఆమె మళ్లీ కొడుకును పోగొట్టుకున్న ఆ క్యాంపుకే పోవాలి. అయినా ఆమె దిగులు అది కాదు. నా చేయి గట్టిగా పట్టుకుని ఒకటే మాట అంది.

"దీదీ, ఇన్నాళ్లకు తనంతట తాను పని పట్టాడు. ఇప్పుడు తీసుకుపోతే మళ్లీ పట్టడు."

నేను ఆ మాట అక్షరం పొల్లుపోకుండా సూపర్వైజరుకు చెప్పాను. అరిచి చెప్పాను, బతిమాలి చెప్పాను. ఊళ్లో కట్టె పట్టుకుని కొట్లాడినా నాకు ఇంత ఆయాసం వచ్చేది కాదు. ఆయన నా ముఖం చూడకుండా, డాక్టర్ సాబ్ చెప్పినంక నేనెవన్ని అన్నాడు. డాక్టరేమో, సూపర్వైజరు రాసిమ్మంటేనే రాశానన్నాడు. చివరికి తీసుకుపోను వచ్చిన జీపు డ్రైవరు, నేను నౌకరిగాణ్ని అన్నాడు. ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురిలో చేసినవాడు ఒక్కడూ లేడు.

జీపు వచ్చినప్పుడు నేను ఆయన పెనుగులాడతాడనుకున్నాను. పెనుగులాడితే బాగుండుననుకున్నాను. ఆయన లేచి, భార్య కట్టిచ్చిన మూట చంకన పెట్టుకుని, చెప్పిన చోట కూచున్నాడు. బండెక్కమంటే ఎక్కడం వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పించారు కదా. నేను జీపు వెనక కొంతదూరం ఎందుకు పరుగెత్తానో నాకే తెలియదు.

సెలవులు అయిపోయాయి, బడికి వచ్చాను. పెద్దలకు అర్జీలు పెట్టాను. మా పాస్టరుగారి చేత మాట్లాడించాను. ఉలుకు లేదు, పలుకు లేదు. పిల్లలకు ఎక్కాలు చెప్తుంటే కూడా కడుపులో మంట ఆరేది కాదు. ఆ ఏడు బాగా వానలు కురిశాయి. మా పత్తి చేలు కుళ్లిపోయాయి. దసరా సెలవులు ఇవ్వగానే మళ్లీ రైలెక్కాను.

కాలనీలోకి అడుగుపెట్టి గోడలు చూసి నిలబడిపోయాను. ప్రతి గుడిసె మట్టిగోడ మీదా మోకాలెత్తున నీటి చార. అడవి కొట్టేశాక వాగునీళ్లకు అడ్డు లేక నేరుగా పల్లంలో ఉన్న ఈ వరసల్లోకి వచ్చాయట. వానాకాలమంతా ఆడవాళ్లు మంచాల మీద పొయ్యి పెట్టి వండారు. వరస చివరి గుడిసెలో ఆమె బియ్యం మూటను దూలానికి కట్టి, తను మంచం మీద ముడుచుకుని గడిపింది. ఇక్కడ వరదెక్కడిదని అడిగిన పెద్దమనిషిని అదే మాట నేను అడిగాను. "గీ ఏడు జర ఎక్కువనే పడ్డయ్ తియ్యుండ్రి" అన్నాడు. సిగ్గుపడతాడేమోనని చూశాను. పడలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన ఆ భూమిని నిజంగానే ఆపాడు. ఇంకొకరికి పోనివ్వలేదు. మనిషి కూడా తిరిగొచ్చాడని, రండి చూపిస్తానని తనే నన్ను వెంటబెట్టుకుని పోయాడు. మొహంలో ఎంత సంతోషమో.

గుడిసె ముందర ఆయన కూచుని ఉన్నాడు. జుట్టు కత్తిరించారు, ఉతికిన చొక్కా తొడిగారు. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. అక్కడ ఏం మందులిచ్చారో, ఏం చేశారో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"సూడుండ్రి టీచరమ్మా, ఎంత మంచిగైండో" అన్నాడు సూపర్వైజరు. "కూసోమంటె కూసుంటడు, లేవమంటె లేస్తడు. తవ్వుడు లేదు, లొల్లి లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. క్యాంపులో కొడుకు పోయినప్పుడు ఆ మనిషి ఉన్నది ఇలాగే. కూచోమంటే కూచోవడం, లేవమంటే లేవడం. ఆ జబ్బు లోపలి నుంచి తనంతట తానే లేచి, పార పట్టుకుని, చెమటోడ్చి బయటికి వచ్చాడు. "గిదే సార్ రోగం. మీరు పూడ్పిచ్చింది మందు" అని చెప్పాను. అర్థమైందో లేదో, టీచరమ్మకు కోపమెక్కువ అని నవ్వి వెళ్లిపోయాడు.

సూపర్వైజరు పోయాక భార్య లోపలికి పోయి పార తెచ్చి ఆయన పక్కన పెట్టింది. చాలారోజుల నుంచి ఇలా పెడుతూనే ఉందట. నువ్వు చెప్పు దీదీ, నువ్వు చదువుకున్నదానివి, నీ మాట వింటాడేమో అంది. నేను కింద కూచుని, నాకు వచ్చిన ఉర్దూలో, మీ పుకుర్ తవ్వుకోండి, వచ్చే వానలకల్లా దిబ్బ వేసుకోవాలి కదా అని చెప్పాను. ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. పార వైపు చూశాడు.

"హుకుం ఉందా?" అని అడిగాడు.

ఉందన్నాను. ఎవరి హుకుం అని అడిగాడు. నాదే అన్నాను. తల అడ్డంగా ఊపి, సాబ్ హుకుం కావాలని చెప్పి మళ్లీ నేల వైపు చూశాడు.

నేను అక్కడి నుంచి ఆఫీసుకు నడిచిపోయాను. మనసులో ఎన్ని తిట్లు తయారు చేసుకున్నానో. కానీ సూపర్వైజరు ముందర నిలబడి అవన్నీ మింగేశాను, ఎందుకంటే పని కావాలి. "ఒక్క మాట సార్. ఆ గుడిసెకాడికొచ్చి తవ్వుకొమ్మని మీ నోటితోని అనుండ్రి. ఇంకేం అడగ. మీకు దండం పెడ్త" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అందుకే నాకు ఆశ పుట్టింది.

"ఊకున్నోన్ని మళ్ల కెలుకుడెందుకమ్మా" అన్నాడు. "పట్నం పంపిచ్చి బాగుచేపిచ్చినమని మీదికి చెప్పుకున్నం. మళ్ల తవ్వుతుండంటె నన్నే అడుగుతరు."

అప్పుడు మింగినవన్నీ బయటికొచ్చాయి. ఏమన్నానో ఇక్కడ రాయను, టీచరమ్మ నోట రాకూడని మాటలే. గుమాస్తాలు పనులాపి చూశారు. ఆయన ఫైళ్లు సర్దుకుంటూ తల ఎత్తలేదు. ఆ రోజు రాలేదు, నేను ఉన్నన్నాళ్లు రాలేదు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి గుడిసె వెనక పార చప్పుడు వినిపించింది. పరుగున పోయాను. ఆమె తవ్వుతున్నది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నడుము వంచి, అలవాటు లేని చేతులతో తవ్వుతున్నది. ఆయన గట్టు మీద కూచున్నాడు. గుంట వైపు కాదు, ఆఫీసు వైపు తిరిగి కూచున్నాడు. దూరంగా సూపర్వైజరు సైకిలు కనబడగానే ఆయన ఏదో గొణిగాడు. ఆమె గబగబా పైకెక్కి, పారను కంపలోకి తోసి, చేతులు కొంగుకు తుడుచుకుని నిలబడింది. సైకిలు వరస దాటి పోయింది. ఆయన తల ఊపాడు. ఆమె మళ్లీ గుంటలోకి దిగింది. ఆయన దిగలేదు.